నాలుగు జాబితాలు, జరగని ఒక ఎన్నిక

శ్రీ కొండోజు బ్రహ్మచారి గారు 1989 నవంబరు 6వ తేదీన, ఇరవై ఐదేళ్ళ వయసులో, మన కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుగా ఉద్యోగ ప్రవేశం చేశారు. ఈ నెలాఖరున సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేస్తున్నారు. అంతకు మించిన హోదా వారికి దక్కకపోవడానికి కారణం నేను. సావనీరు సంపాదకులు ఈ వాక్యాన్ని కొట్టివేయరాదని మనవి.

మస్జిదుల కమిటీలు చట్టప్రకారం ఏర్పడుతున్నాయా, దాతలు రాసిచ్చిన ఆస్తులు వారు కోరిన పనికే వినియోగమవుతున్నాయా అని చూడటం మన కార్యాలయ విధి. తొలి ఆరేళ్ళు రికార్డు గదిలో పనిచేసిన బ్రహ్మచారి గారు అక్కడే ఉర్దూ లిపి నేర్చుకున్నారు. బన్సీలాల్‌పేట్‌లో పుట్టి పెరిగినవారికి ఆ భాష మాట్లాడటం ఎవరూ నేర్పనక్కరలేదు గానీ, పాత దానపత్రాలను ఇతరుల చేత చదివించుకుని సంతకం పెట్టడం వారి మనస్సాక్షికి నచ్చలేదు. 2007లో సూపరింటెండెంటు అయ్యేనాటికి మన రికార్డు గదిలో వారు చదవని పత్రం లేదంటే అతిశయోక్తి కాదు.

లాలాగూడలోని ఒక చిన్న మస్జిదు ఫైలు వారి బల్ల మీదికి వచ్చింది 2009లో. అక్కడి నిర్వాహకుని పదవీకాలం ఎప్పుడో ముగిసినా తాళంచెవులు ఆయన దగ్గరే ఉన్నాయి. మస్జిదు ఆవరణలోని గదిని ఆడపిల్లల చదువుకని దాత రాసిచ్చారు. నిర్వాహకుడు దానికి తాళం వేసి, తన బంధువుల సామాను పెట్టించాడు. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరైన సయ్యద్ జహంగీర్ అలీ గారు తన మనవరాలి చేయి పట్టుకుని వచ్చి ఫిర్యాదు ఇచ్చారు. ఎన్నిక జరిగి కొత్త కమిటీ వస్తే తప్ప ఆ తాళం తీసే అధికారం ఎవరికీ లేదు.

ఓటు హక్కు ఆ మస్జిదులో నియమంగా నమాజు చేసేవారిది. నిర్వాహకుడు ఇచ్చిన జాబితాలో నలభై ఒక్క పేర్లుంటే, నలభై ఒక్కరూ ఆయన చుట్టాలే. అప్పుడు బ్రహ్మచారి గారు ఒక మడత కుర్చీ, ఒక రిజిస్టరు పట్టుకుని వెళ్ళి మస్జిదు మెట్ల పక్కన కూర్చున్నారు. నలభై రోజులు, అయిదు పూటలా, వచ్చినవారి పేర్లు రాసుకున్నారు. అల్లాకు లేని హాజరు పట్టీ మీకెందుకు సాబ్ అని మొదట్లో నవ్వినవాళ్ళే తర్వాత చాయ్ తెచ్చిచ్చారట. రిజిస్టరును చూశాక హఠాత్తుగా భక్తి పెరిగినవాళ్ళను వారు ఇట్టే కనిపెట్టేవారు. గుడికి రమ్మంటే మోకాళ్ళ నొప్పులనే మనిషి మస్జిదుకు అయిదు పూటలా ఎలా పోతున్నాడని వారి సతీమణి శ్రీమతి విమలమ్మ గారు మెట్టుగూడలోని ఇరుగుపొరుగుతో చెప్పుకుని నవ్వుకునేవారు.

ఆ జాబితాకు ఏడాదే చెల్లుబాటు. అభ్యంతరాల విచారణలోనే ఆ ఏడాది గడిచిపోయింది. 2012లో బ్రహ్మచారి గారు మళ్ళీ నలభై రోజులు కూర్చుని రెండో జాబితా తయారుచేశారు. ఈసారి పోలింగు తేదీ ఖరారైంది. మస్జిదు తలుపుకు నోటీసు అతికించిన రోజును వదిలేసి ఇరవై ఒక్క నిండు రోజుల గడువు ఇవ్వాలి. లెక్క కట్టే పని నాది. ఉద్యోగంలో చేరి రెండేళ్ళైన నేను అతికించిన రోజును కూడా కలిపేశాను. గడువులో ఒక రోజు తగ్గింది.

పోలింగు నాడు ఉదయం పెట్టెలు వచ్చాయి. జహంగీర్ అలీ గారు ఇస్త్రీ షేర్వాణీ వేసుకుని వరుసలో మొదట నిలబడ్డారు. తొమ్మిదిన్నరకు, గడువు చాలలేదన్న కారణంతో, న్యాయస్థానం నుంచి స్టే వచ్చింది. పెట్టెలు ఖాళీగా వెనక్కి వెళ్ళాయి. సంజాయిషీ అడిగినప్పుడు నేను రాసుకున్న కాగితాన్ని బ్రహ్మచారి గారు నా చేతిలోంచి తీసుకున్నారు.

“నీకు ఇంక ముప్పై ఏండ్ల సర్వీసున్నది సత్యవేణమ్మా. తప్పు నాదని నేను రాసిస్తా. నువ్వు గమ్మునుండు.”

నేను గమ్మున ఉన్నాను. పదమూడేళ్ళు ఉన్నాను. అభిశంసన వారి సర్వీసు పుస్తకంలోకి ఎక్కింది, పదోన్నతి రెండుసార్లు వారిని దాటిపోయింది. ఇప్పుడు నాకు ఏ శిక్ష వేసినా వారికి పోయింది తిరిగి రాదు.

2017లో మూడో జాబితా వేశారు. ఎన్నికల అధికారి బదిలీతో అదీ చెల్లకుండా పోయింది. 2023లో, యాభై తొమ్మిదేళ్ళ వయసులో, నడుముకు బెల్టు కట్టుకుని నాలుగోసారి కూర్చున్నారు. దాని మీద స్టే నేటికీ ఉంది. గదికి తాళమూ ఉంది. ఆ గదిలో చదవాల్సిన మనవరాలికి పెళ్ళై ఇద్దరు పిల్లలు. చట్టాన్ని ఇంత శ్రద్ధగా పాటించిన మనిషిని నేను చూడలేదు. చట్టం మాత్రం ఆయన పక్షాన ఒక్కసారీ నిలబడలేదు. ఇది రాస్తుంటే నాకు దుఃఖం కంటే కోపమే ఎక్కువగా వస్తోంది.

గత సోమవారం జహంగీర్ అలీ గారు కార్యాలయానికి వచ్చారు. వారికిప్పుడు ఎనభై రెండేళ్ళు. బ్రహ్మచారి గారు లేచి కుర్చీ వేశారు.

“నా పేరు నాలుగుసార్లు రాసుకున్నరు సాబ్. ఓటు ఒక్కసారి సుత ఏయలే. మీరు బోతే ఇంగ మా పేర్లు రాసుకునేటోళ్ళు ఎవరు?”

 బ్రహ్మచారి గారి పోస్టును భర్తీ చేయబోమని ఉత్తర్వు వచ్చేసింది. వారు 2009 నాటి మొదటి జాబితాను ముందుకు జరిపారు. మూడు వందల పన్నెండు పేర్లలో తొంభై ఏడింటి పక్కన ఎర్రచుక్కలు. వారంతా చనిపోయారు. ఎవరి చావు కబురు తెలిసినా బ్రహ్మచారి గారు ఆ పేరు పక్కన చుక్క పెడుతూ వచ్చారు. నేను ఉండబట్టలేక, ఆనాటి లెక్క తప్పు నాదేనని ఆ పెద్దాయనకు చెప్పేశాను. 

“ఒక్క దినమేనా బేటీ తక్కువైంది?” అన్నారు.

విరమించేవారికి దీర్ఘాయువు కోరడం ఆనవాయితీ. ఎన్నిక జరిగేదాకా అని గడువు పెట్టి కోరే ధైర్యం నాకు లేదు, ఆ ఎన్నిక మీద నాకు నమ్మకం పోయింది. అందుకే ఏ గడువూ పెట్టకుండా, శ్రీ బ్రహ్మచారి గారికీ, శ్రీమతి విమలమ్మ గారికీ, ఆ జాబితాలో ఇంకా ఎర్రచుక్క పడని రెండు వందల పదిహేను మందికీ సంపూర్ణ ఆయురారోగ్యాలు కలగాలని చేతులు జోడించి వేడుకుంటున్నాను.

— సత్యవేణి, సీనియర్ అసిస్టెంటు, సికింద్రాబాద్