కుక్క దురదకి గడియారాల మామయ్య వైద్యం

"ఆ షాంపూ ఎందుకు చెల్లెమ్మా, నేనుండగా?" అంటూ గడియారాల మామయ్య టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. ఆయన గ్లాసు కింద పెట్టాడంటే ఇక ఆ పూట ఎవరి పనులూ సాగవని మాకందరికీ తెలుసు.

టీ కొట్టుని ఆనుకుని ఆయన గడియారాల రిపేరు కొట్టు, దాని పక్కనే దర్జీ అక్క కొట్టు. అక్క అద్దెకుండే మేడ మీద ఆమె కుక్క రాత్రిళ్ళు గోక్కుంటూ కాలు నేలకేసి టపటపా కొడుతోంది. కింద వాటాలో ఉండే ఇంటి యజమానికి నిద్ర లేదు. ఆదివారం లోపల కుక్కన్నా పోవాలి, మీరన్నా ఖాళీ చెయ్యాలి అనేశాడు. అక్క దాన్ని డాక్టరుకి చూపించింది. పురుగూ లేదు, పుండూ లేదు, చర్మం పొడిబారిందంతే అని ఆయనో షాంపూ రాసిచ్చాడు. దాని ధర విని అక్క మందుల షాపు మెట్లు దిగి వచ్చేసింది. ఆ కుక్కని వదిలి నేను ఉండలేనని ఇప్పుడు మా ముందు కూర్చుని కళ్ళు తుడుచుకుంటోంది.

"మా ఇంట్లోనూ ఓ కుక్క ఉండేది. దానికీ ఇదే దురద. నేనే నయం చేశాను. పెద్ద గొప్పేం కాదులే, ఇంట్లో ఉన్నవాటితోనే చేశాను. కానీ దాని దురద నీ కుక్క దురదలాంటిది కాదమ్మా, అది గోక్కుంటుంటే కాలు కంటికి కనపడేది కాదు, గాలి మాత్రం వచ్చేది, ఆ వేసవంతా మేం ఫ్యాను వేసుకుంటే ఒట్టు. నేనా, చేతిలో పనితనమున్నవాణ్ణి, అంత ఊపుని ఊరికే పోనిస్తానా? గోడ గడియారం తాళంచెవి తీసి ఆ కాలికి కట్టి గడియారం దగ్గర కూర్చోబెట్టాను. ఒక్క గోకుడంతే, కీ మొత్తం ఎక్కేసింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ముల్లు ఆగదే! వీధి వీధంతా మంగళవారంలో ఉంటే మా ఇల్లు గురువారంలోకి వెళ్ళిపోయింది. పాలవాడు బుధవారం పాలు ఎక్కడ పొయ్యాలో తెలీక మా గుమ్మంలో నిలబడి బావురుమన్నాడు."

"అయితే గురువారం పేపరు ముందే చదివేసి ఉంటారు గురువుగారూ," అన్నాడు బస్సు కండక్టరు.

"చదవకేం? నీ బస్సు నడిరోడ్డు మీద ఆగిపోయిన సంగతి అందులోనే చూశాను. చెబితే బాధపడతావని ఊరుకున్నా."

కండక్టరు టీలో మునిగిపోయాడు. అక్క మాత్రం ముందుకి జరిగింది. "నయం ఎలా చేశావన్నయ్యా?"

"అక్కడికే వస్తున్నా. ఓట్స్ చెల్లెమ్మా, ఓట్స్. చక్కెరా, రుచులూ ఏవీ కలపని ఉత్త ఓట్స్. మిక్సీలో వేసి మెత్తగా పొడి చేసి గోరువెచ్చని నీళ్ళలో కలిపితే నీళ్ళు పాలలా తెల్లబడతాయి. కుక్కని అందులో నిలబెట్టి, ఒళ్ళంతా ఆ నీళ్ళు పోస్తూ, నీ టీ చల్లారేంత సేపు ఉంచాలి. మన సబ్బు, మన షాంపూ దాని ఒంటికి తగలనివ్వకూడదు, ఉన్న దురద కాస్తా రెట్టింపవుతుంది."

అక్క లేచి ఎదురు దుకాణానికి వెళ్ళి ఓట్స్ పొట్లం తెచ్చి, టీ కొట్టు బాబాయ్ మిక్సీలో వేసింది. ఆ మోతకి మామయ్య గొంతు ఇంకో మెట్టు పైకెక్కింది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒక్క స్నానానికి దాని ఒళ్ళు ఎంత నున్నబడిందంటే, దాని మీద వాలిన ఈగ జారి కిందపడి కాలు విరగ్గొట్టుకుంది. నేనే చీపురు పుల్లతో కట్టు కట్టాను. మా ఎదురింటాయన అద్దం లేకుండా, దాని వీపులో చూసుకుంటూ గడ్డం గీసుకుని ఆఫీసుకి వెళ్ళేవాడు. సరే, ఆ నీళ్ళు మిగిలాయి కదా, పారబొయ్యడం ఎందుకని మా ఇంటి ముందు రోడ్డు మీద చల్లాను. గుంటలన్నీ పూడిపోయి రోడ్డు పట్టుబట్టలా తయారైంది. బస్సులు ఇంజను ఆపేసి డిపో దాకా జారుకుంటూ పోయేవి. కావాలంటే కండక్టరుని అడగండి."

"ఆ రోజు నేను సెలవులో ఉన్నాను," అన్నాడు కండక్టరు.

"నీళ్ళెంత వేడుండాలి?" అక్క అడిగింది.

"మోచెయ్యి ముంచితే హాయిగా ఉండాలి, చురుక్కుమనకూడదు. అయ్యాక మంచినీళ్ళతో పిండంతా పోయేలా కడిగి, తువ్వాలుతో అద్దాలి, గట్టిగా రుద్దకూడదు. అది పడుకునే గుడ్డలు వేడినీళ్ళలో ఉతికి ఎండలో ఆరెయ్యాలి. రోజూ సన్న దువ్వెనతో దువ్వుతూ ఉండాలి. ఇదీ వైద్యం. ఇక చూడండి, ఈ కబురు ఎలా పాకిందో, సర్కసు వాళ్ళు ఏనుగుని తోలుకొచ్చారు. అంత ఏనుగుకి టబ్బెక్కడ తేను? ఈతకొలను అద్దెకి తీసుకుని ఊళ్ళో ఓట్సన్నీ అందులో గుమ్మరించాను. ఏనుగు బయటికొచ్చేసరికి ఒక్క ముడత లేదు. సర్కసు వాళ్ళు పోల్చుకోలేక, మా ఏనుగు ముసలిది, ఈ పడుచుదాన్ని ఎవరి దగ్గర కొట్టుకొచ్చావని నా మీదే కేసు పెట్టబోయారు."

టీ కొట్టు బాబాయ్ నవ్వాపుకుంటూ అక్క బకెట్లో వేడినీళ్ళు ఒంపాడు. బట్ట కుట్టేముందు నానబెట్టే పెద్ద టబ్బొకటి అక్కకుంది. దాన్ని ఈడ్చుకొచ్చి టీ బల్ల ముందు పెట్టి, ఆ వేడినీళ్ళూ కొన్ని చన్నీళ్ళూ పోసి ఓట్స్ పొడి కలిపింది. మామయ్య దాన్ని చూస్తేగా? ఆయన అప్పటికే బెంచీ అంచుకి జరిగి రెండు చేతులూ గాల్లో తిప్పుతున్నాడు.

"అసలు సంగతి ఇప్పుడు వినండి. భూకంపాలాఫీసు నుంచి ఫోను. సార్, ఊరి వెనక కొండ మాటిమాటికీ కదులుతోంది, మీరే దిక్కు అని ఏడుపు. వెళ్ళి కొండ మీద చెయ్యి వేసి చూశాను. ఏముందీ, పొడిబారిపోయింది, అంతే. భూమికి దురద! అది గోక్కుంటోంటే వీళ్ళు భూకంపం, భూకంపం అని పరిగెడుతున్నారు. అగ్నిమాపక బళ్ళన్నిటిలో ఓట్స్ నీళ్ళు నింపించి, గోరువెచ్చగా, గుర్తుందిగా, మోచెయ్యి ముంచి చూశాకే, కొండ నెత్తి మీంచి పోయించాను. కొండ ఒక్క ఆవలింత తీసి అటు తిరిగి పడుకుంది. ఆ తర్వాత ఏమైందో తె..."

"అన్నయ్యా, అన్నీ సిద్ధం," అంది అక్క. ఆమె చేతిలో గొలుసు, గొలుసు చివర అంతసేపూ ఆమె కొట్టులో కట్టేసి ఉన్న కుక్క. "నువ్వు దీన్ని టబ్బులో పట్టుకో, నేను నీళ్ళు పోస్తాను."

కుక్క వచ్చి మామయ్య మోకాలు వాసన చూసింది. ఆయన ఎప్పుడు లేచాడో మేం చూడలేదు. అది తోక ఊపేసరికి మాత్రం ఆయన టీ బల్ల మీద, బిస్కెట్ల సీసాల మధ్య నిలబడి ఉన్నాడు.

"ఏనుగుకే స్నానం చేయించిన చెయ్యి గురువుగారూ," అన్నాడు కండక్టరు.

"చేయిస్తానయ్యా, నాకేం భయమా? ముందు దాన్ని ఎక్కడన్నా కట్టెయ్యమను. ఇక్కడ వద్దు, ఆ చివర."

అక్కకి నవ్వు రాలేదు. ఆదివారం ఎల్లుండే. టబ్బులో నీళ్ళు చల్లారిపోతున్నాయి. తల పైకెత్తి ఆయన్నే చూస్తూ అడిగింది. "నిజం చెప్పన్నయ్యా, ఈ స్నానంతో మీ కుక్కకి తగ్గిందా?"

"తగ్గిందమ్మా, ఒట్టు. మూడో పూటకల్లా హాయిగా నిద్రపోయింది."

"చేయించింది ఎవరు?"

మామయ్య ఒక సీసాని కాస్త పక్కకి జరిపాడు. "ఇంట్లోవాళ్ళమే. అంటే, మీ వదిన."

"మరి నువ్వెక్కడున్నావు?"

"బీరువా మీద. అక్కణ్ణించైతే అంతా బాగా కనపడుతుంది చెల్లెమ్మా, పిండెంత, నీళ్ళెంత..."

"సరే, నువ్వక్కడే ఉండన్నయ్యా," అంది అక్క, చేతులు పైకి మడుచుకుని టబ్బు పక్కన కూర్చుంటూ. "ఫోను తీసి వదినని రమ్మను."