‘ఆయ్’ అనకూడని చోటు

అమలాపురం శివారులో తుపాకీ శిక్షణ ఇచ్చే మైదానం. నేర్పేది రిటైరైన సుబేదారు. నేర్చుకునేది తాటిపాకలో గార్డు ఉద్యోగం కోసం వచ్చిన ఆవిడ.

“రైఫిల్ ఖాళీయేనా అమ్మా?”

“ఆయ్.”

“తెరిచి చూసేవా?”

“మీరు ఇచ్చేటప్పుడే ఖాళీ అన్నారు కదండీ.”

“ఈ మాట మీదే నిన్నా మొన్నా నిన్ను వెనక్కి పంపేను. కింద పెట్టు.”

“పెద్దవారు చెప్పేక మళ్ళీ తెరిచి చూస్తే మర్యాదగా ఉండదని ఊరుకున్నానండి.”

“తుపాకీకి మర్యాదలు తెలీవమ్మా. గొట్టం మట్టిగోడ వైపే ఉంచేవు, వేలు ట్రిగ్గర్ మీద పెట్టలేదు. అన్నీ బాగానే నేర్చుకున్నావు. ఈ ‘ఆయ్’ ఒక్కటే మానాలి. రేపు రా.”

“రేపు రానండి. ఇవాళ పేల్చకుండా ఇంటికెళ్ళను. ఇంకోసారి ఇచ్చి చూడండి.”

“సరే. ఇదిగో, నీ ఎదురుగానే బోల్టు తెరిచి చూసేను. ఖాళీ. పట్టుకో.”

“ఉండండి. నేనూ లోపల వేలు పెట్టి చూస్తానండి.”

“నేను సుబేదారునమ్మా! పాతికేళ్ళు తుపాకీ పట్టిన చెయ్యిది. నా మాట నమ్మవా?”

“మీరంటే గౌరవమేనండి మేస్టారూ. కానీ నమ్మనండి.”

“ఆయ్! ఇదిగో నీ మొదటి తూటా.”