రెండూ ఎడమ చేతులే

టైలరు కొట్లో కూతురు కత్తెర పక్కన పెట్టి నీరుగారిపోయింది. రెండో చేతికి పూల గుడ్డని తిరగేయకుండా కత్తిరించేసింది.

"అమ్మా, కొంప మునిగింది. గౌనుకి రెండూ ఎడమ చేతులే వచ్చాయి."

"ఏదీ, ఎంత మిగిలింది?"

"తిట్టవా?"

"తిడితే గుడ్డ పెరుగుతుందా? చూపించు."

"కుడి చెయ్యి మోచేతి దాకా వస్తుందేమో, అంతే."

"అయితే రెండూ మోచేతి దాకానే పెడదాం. ఎండాకాలమేగా. గౌను కుట్టమన్నావిడకి ఫోన్ చేసి అడుగు."

ఆవిడ నిక్షేపంగా ఒప్పుకుంది.

"నీకసలు బెంగే పుట్టదా అమ్మా?"

"ఎందుకు పుట్టదూ? కాకపోతే, మిగిలినదాంతో ఏమవుతుందో చూద్దామన్న ఆత్రం దానికన్నా ముందు పుడుతుంది."

"మరి పొద్దున కళ్ల డాక్టరు ఏమన్నాడో ఇంతవరకూ చెప్పలేదేం?"

సూదిలో దారం ఎక్కించబోతున్న తల్లి ఆగింది.

"కుడి కంటికి చూపు ఇక తిరిగి రాదట."

ఏడిస్తే చూపు పెరుగుతుందా అనుకుంది కూతురు. తల్లి చేతిలోంచి సూది అందుకుని, దారం ఎక్కిస్తూ అడిగింది.

"ఏదీ, ఎంత మిగిలింది?"

"ఎడమ కన్ను దివ్యంగా ఉందట."

"ఇంకేం మరి. ఇవాళ మన కొట్లో అన్నీ ఎడమవే."