బావి గట్టున రేసు ఇంజను

1966 ఎండాకాలం. మడకశిర పక్క పల్లెలో ఊరి బావి. గట్టు మీద ఇంజను నడుస్తూ ఉంది.

"ఆపు అక్కా, ఆపు! నేను అరిచేది నీకు వినపడ్తాందా లేదా?"

"వినపడ్తాందప్పా. ఆపను."

"ఆపకపోతే ఎట్ల చూసేది? మండే పొయ్యిలో చెయ్యి పెట్టమంటావా?"

"ఆ మారెమ్మ కడవ నిండనీ. తెల్లారినప్పట్నుంచి నిలబడి ఉండాది పాపం. నడుమన ఆపితే నీళ్లు కిందికి దిగిపోతాయి. మల్ల ఎత్తుకునేకి పానం తీస్తాది ఇది."

"నువ్వే గదా నన్ను పిలిపించింది? రెడ్డి కొట్టంలో నా పని నేను చూసుకుంటాంటే, కదిరమ్మ రమ్మంటాంది, ఆ మేస్త్రీని బావి కాడికి పంపమని కబురు చేసింది నువ్వే గదా?"

"నేనే. కాదన్నానా? నీ పేరేమన్నావు?"

"హుస్సేన్ బాషా."

"బాషా, ఇంజను సంగతి తెలిసినోడు ఒక్కడన్నా ఈ ఊరికి రాడా అని ఇన్నేండ్లు కాచుకోని ఉండా. నువ్వు ఒక్క కడవ నిండేదాకా కాచుకోలేవా?"

"సరే తల్లీ, నిండనీ. పెద్దరెడ్డి కారు తోలిన డ్రైవరు నీ మొగుడేనా? ఆయన పేరేంది?"

"బాగుంది! మొగుని పేరు నా నోటితో చెప్పిస్తావా? ఎప్పుడన్నా చెప్పినానా? సంజీవి కొండ ఎత్తుకొచ్చిన సామి పేరు."

"ఆంజినప్ప?"

"ఊ. ఆయప్పే."

"రెడ్డి ఇంట్లో ఆయన్ని ఆ పేరుతో పిలవలేదులే."

"దొంగ అన్నారా?"

"వదిలేయక్కా."

"ఏల వదిలేది? నాకేమన్నా కొత్తనా? రేసు కారు ఇంజను బెంగుళూరులో అమ్ముకోని, లారీ ఇంజనొకటి తెచ్చి బావి మీద పెట్టినాడు. అదే గదా అనింది?"

"అదే. చూడక్కా, కొట్టంలో ముక్కలన్నీ చూసినా నేను. తలుపులు, మడ్డుగార్డులు, చక్రాలు, గేరుపెట్టె, అన్నీ గోనెపట్టాల్లో చుట్టి పెట్టిండారు. అన్నీ అసలువే. ఇద్దరు కూచునే రేసు బండి. అట్లాంటిది ఈ దేశంలో ఇంగోటి ఉండాదో లేదో. నా కండ్లతో చూస్తానని అనుకోలే. ఇంజను ఒక్కటే లేదు."

"లేకేం? నీ ముందర కొట్టుకుంటాండాది చూడు."

"ఇదా? రేసు ఇంజనుకు కిరసనాయిలు పోసేవాళ్లు యాడన్నా ఉంటారా?"

"పెట్రోలు నువ్విస్తావా? ముందర రవ్వంత పెట్రోలుతో ఎత్తుకుంటాది, ఆమీద కిరసనాయిలే. ఆయప్పే అలవాటు చేసినాడు దానికి. నాకు తిప్పేది నేర్పించిందీ ఆయప్పే. ఏమే మారెమ్మా, నిండిందా? ఇంగోటి పెట్టద్దు. అందరూ ఆ నీడకు పోండి, మల్ల పిలుస్తా. ఇదిగో బాషా, ఆపినా. చూసుకో."

"యా అల్లా, ఏం సెగ! తుడిచేకి ఆ గుడ్డ ఇట్లియ్యి. ఇది బావి మీదికి ఎట్ల వచ్చింది? ముందు అది చెప్పు."

"తెల్లోళ్ల కాలంలో, జర్మనీ యుద్ధమప్పుడు మిలిట్రీవాళ్లు బండ్లన్నీ పట్టకపోతాండారని పెద్దరెడ్డికి భయం. విప్పేయిరా, ముక్కొక తావ దాచిపెట్టు అన్నాడు. ఆయప్ప విప్పినాడు. ఆ ఏడే వానల్లేక బావి నీళ్లు తోడే కపిల ఎద్దులు చచ్చిపాయ. ఊరు నీళ్లకు అల్లాడిపాయ. అప్పుడు పెద్దరెడ్డే అన్నాడంట, ఇంజను బావి మీద పెట్టు, నలుగురి కండ్ల ముందర ఉండేదాన్ని ఎవుడూ వెతకడు, ఊరికి నీళ్లూ అయితాయి అని."

"ఆ మాట ఇంగెవరన్నా విన్నారా?"

"వాళ్లిద్దరే. ఆమీద రెండు మూడేండ్లకు పెద్దరెడ్డి జొరమొచ్చి పాయ. కొడుకు చిన్నరెడ్డి మదరాసు నుంచి దిగినాడు. ఇంజను యాడరా అన్నాడు. బావి మీద ఉండాది సామీ అన్నాడు ఆయప్ప. వచ్చి చూసినాడు చిన్నరెడ్డి. చూసి నవ్వినాడు."

"నమ్మలేదు."

"నమ్మలే. ఆయప్ప బతికినన్నాళ్లూ, ఇదే అసలుది, ఇదే అసలుది అని చెప్తానే ఉండె. ఎవురూ నమ్మలే. పోయినప్పుడు పాడె మోసేకి నలుగురు రాలే బాషా! నా తమ్ముడు ఒక పక్క, నా మరిది ఒక పక్క. మిగిలిన రెండు కొనలు దూదేకులోళ్లు వచ్చి పట్టినారు, వాళ్లు చల్లగా ఉండాల. దొంగోని పీనుగను మేమేల మోసేదని ఊరోళ్లన్నారు. ఈ నీళ్లు తాగేవాళ్లే అన్నారు."

"అదేం ఊరక్కా... ఉండుండు. ఈ ఇత్తడి రేకేంది?"

"అది దాని బిళ్ల. ఎట్ల తళతళమంటాందో చూడు."

"తళతళ సరే. దీని మీద రాతలేమైనాయి? కంపెనీ పేరు, నంబరు, అన్నీ దీని మీదే ఉండాల."

"ఏవో గీతలుండె ముందర. అరిగిపాయ."

"ఇత్తడి ఊరికే ఎట్ల అరుగుతాది?"

"తోముతాండా గదప్పా! ఆయుధపూజ వచ్చిందంటే చాలు, చింతపండు నానేసి, ఇటుకపొడి పెట్టి, ఇంట్లో చెంబు కన్నా దీన్నే బాగా తోముతా. తోమి, పసుపూ కుంకుమా పెట్టి టెంకాయ కొడ్తా. ఊరికి నీళ్లిచ్చే తల్లిని మురికిగా పెట్టుకుంటామా? ఏమప్పా? ఏల అట్ల చూస్తావు?"

"ఏం లే."

"ఏం లే అంటే ఏంది? చెప్పు."

"ఆ గీతలే గదక్కా సాక్ష్యం. అవి ఉండింటే చిన్నరెడ్డి నోరు ఆపొద్దే మూతపడిండు."

"అంటే..."

"ఊరికే అన్నాలే. పోనీ."

"నేను తోమేసినానా?"

"నీకేం తెలుసక్కా పాపం."

"నాకు తెలీదు. ఆయప్పకు తెలుసు! తెలుసు గదా బాషా? దీంట్లో ప్రతి మేకూ తెలిసినోనికి ఇది తెలీదా? చిన్నరెడ్డి అడిగే ఉంటాడు, నంబరు యాడరా అని. నా పెండ్లాం తోమేసింది సామీ అనింటే ఏం పాయ? అనలే. నాకూ చెప్పలే. ఆ మరుసటేడు నేను మల్ల చింతపండు పిసుకుతాంటే పక్కన కూచోని చూస్తా ఉండె. బాగా తోము కదిరీ అన్నాడు. అంతే. బాగా తోము అన్నాడు బాషా, ఆ మనిషి!"

"ఏడవద్దక్కా. లే. మొగం కడుక్కో."

"యాడివి కడుక్కునేకి నీళ్లు? చెప్పు, ఇంగ చేసేదేమీ లేదా?"

"ఉండాది. ఇంగో దారి ఉండాది. ఇట్లాంటి బండ్లు చేత్తో చేస్తారు. ఒక బండి తలుపు ఇంగో బండికి సరిపోదు. కలిసిపోకుండా ప్రతి ముక్కకూ లోపలి పక్క ఒకే గుర్తు గుద్దుతారు. కొట్టంలో ఉండే ముక్కలన్నిటి మీదా నలభై ఒకటి అని ఉండాది."

"మంద కలిసిపోకుండా గొర్రెల చెవికి గాటు పెట్టినట్లనా?"

"అట్లనే. ఇదీ ఆ మందలోదే అయితే, గేరుపెట్టెకు ఆనుకునే తావ, ఇదో ఈ అడుగున, నలభై ఒకటి ఉండాల. జిడ్డు గడ్డకట్టి ఉండాది. కిరసనాయిలు పొయ్యి. ఇంగ రవ్వంత. లోపలంతా చీకటి. నీ తావ అద్దం ఉండాదా?"

"ముండమోసినదానికి అద్దమేలప్పా? ఏమే మారెమ్మా! పోయి మీ ఇంట్లో అద్దం తేపో! పరిగెత్తద్దు, పగలగొడ్తావు! ... ఇట్లియ్యి. ఇచ్చి నువ్వా నీడకే పో. ఏం లేదు, పోవే!"

"ఎండ దాంట్లో పట్టి ఈడికి కొట్టు. ఇంగా కిందికి. ఆ, అట్లే పట్టుకో."

"పట్టినా. కనపడ్తాందా?"

"ఉండు."

"కనపడ్తాందా లేదా?"

"ఉండమంటి గదా! గీకుతాండా. ఒకటి... ఒకటి ఉండాది. దాని ముందర..."

"ముందర?"

"నాలుగు."

"అంటే? నాకు చదువు రాదు, సరిగ్గా చెప్పు!"

"నలభై ఒకటి. ఆ నాలుగు రవ్వంత పక్కకు ఒరిగి ఉండాది, కొట్టంలో తలుపు మీద ఒరిగినట్లే. ఒకే చెయ్యి గుద్దింది. ఇదే అక్కా. ఇదే అసలుది."

"ఇంగోసారి చెప్పు."

"నీ మొగుడు ఒక మేకు కూడా దొంగతనం చేయలే."

"ఏల గుసగుసలాడ్తావు? గట్టిగా చెప్పు! ఆ నీడన కూచున్నోళ్లందరికీ వినపడాల!"

"గట్టిగా వద్దక్కా."

"ఏల వద్దు? దొంగ అని అందరూ గట్టిగానే అనిరి గదా!"

"మెల్లగా మాట్లాడు. నీకు దండం పెడ్తా. నా మాట విను."

"ఏమైంది నీకు? ఇప్పుడే గదా అసలుదంటివి?"

"అసలుదే. అసలుదైతే ఏమయితాదో తెలుసా నీకు?"

"ఏమయితాది? చిన్నరెడ్డి వచ్చి తప్పయిందంటాడు. ఊరు తల దించుకుంటాది."

"బెంగుళూరాయన ఒకాయన ఈ బండి కొంటాండాడు. నన్ను పంపింది ఆయనే. అసలు ముక్కలు మాత్రమే కొంటాడు. రేపు లారీ వస్తాది, ముక్కలు ఎత్తకపోయేకి."

"ఎత్తకపోనీ. కొట్టం ఖాళీ అయితాది."

"ముక్కలన్నీ అక్కా."

"అన్నీ అంటే?"

"ఇంజను లేకుండా అది కారెట్లయితాది చెప్పు?"

"నువ్వు చూసి పోతావనుకుంటి!"

"చూసేదే నా పని. ఎత్తకపోయేది వాళ్ల పని."

"వచ్చినప్పుడే ఆ మాట చెప్పకపోతివి?"

"లారీ ఇంజనే అయింటాదిలే, చూసి కాదని చెప్పి పోదామనుకుంటి. అసలుదే తగుల్తాదని నేనేమన్నా కలగన్నానా? చిన్నరెడ్డిని అడుగుదాం. ఇంగో ఇంజను పెట్టిస్తాడేమో."

"పెట్టిస్తాడు! పోయినేడు ఎవురో ఆఫీసరు వచ్చి, బోరు వేయిస్తామని టెంకాయ కొట్టి పాయ. ఆ చిప్ప ఇంగా ఆడే పడి ఉండాది, పోయి చూసిరా."

"అంతదాకా చేదుకుంటే?"

"చేద యాడ ముంచుతావు? అడుగున బండ. ఆ బండ నెర్రెలో ఉండే నీళ్లు పంపు పీకితేనే వస్తాయి. ఇంగ నీళ్లుండేది పక్కూరి బావి. పోయి వచ్చేకి పొద్దు గూకుతాది, వాళ్లూ మాకియ్యరు. జీవాలను ఎప్పుడో తోలేసినారు. ఇంగ మిగిలింది మనుషులు."

"నేను చూడలేదంటా. ఇంజను కాలుతాండె, చూసేకి కాలేదని చెప్తా."

"ఇంగో మేస్త్రీని పంపుతారు. వానికీ కండ్లుంటాయి గదా."

"ఉంటాయి."

"అయితే ఏం చెప్పాల? వాళ్లు మల్ల ఈ పక్క తిరిగి చూడకూడదంటే ఏం చెప్పాల?"

"అది నన్ను అడగద్దు."

"అడుగుతాండా."

"బాగా చూసినా, ఏ గుర్తూ లేదు, ఇది లారీ ఇంజనే అని చెప్పాల. నా మాట నమ్ముతారు. కానీ అట్ల చెప్తే..."

"ఏం?"

"నీకు తెలీదా అక్కా? రెడ్డి అనింది నిజమయితాది. ఇన్నేండ్లు నువ్వు కాచుకునింది దీనికేనా?"

"ఆ గుర్తును పోగొట్టేకి అయితాదా?"

"ఇనుము అరగదీసే ఆకురాయి ఉండాది నా సంచిలో. కానీ వద్దక్కా. అదొక్కటే మిగిలింది. అదీ పోతే, రేపు దేవుడే దిగొచ్చినా చూపించేకి నీ తావ ఏమీ ఉండదు."

"ఒకసారి తెలీక తోమినా. ఇప్పుడు తెలిసి తోముతా. ఇయ్యి ఆకురాయి."

"పాడె మోయనోళ్లు వీళ్లు! నీ మొగుణ్ణి దొంగన్నోళ్లు! వీళ్ల కడవల కోసరమా?"

"నాకు మాత్రం మండదా బాషా? దీన్ని తిప్పకుండా పండుకుందామా, చావనీ అనుకుంటా ఒక్కోపొద్దు. అంతలో మారెమ్మ బిడ్డ ఏడుస్తాది. ఆ బిడ్డేమన్నా దొంగ అనిందా?"

"ఆయన ఉండింటే దీనికి ఒప్పుకునిండునా?"

"నేను బాధపడ్తానని నోరు మూసుకోని పాయ ఆ మనిషి. ఊరు ఎండుతాదంటే మూసుకోడా? ఇట్లియ్యి."

"చెయ్యి కోసుకుంటాది, ఉండు. నేను రుద్దుతా. అద్దం పట్టు."

"వద్దు. ఇది నా చెయ్యే చేయాల. నువ్వు అద్దం పట్టు."

"పట్టినా. ఆ నాలుగు మీద ఇంగ రవ్వంత రుద్దు."

"పోయిందా చూడు."

"పోయింది. నున్నగా అయిపాయ. కానీ అక్కా, నా వల్ల కాదు. గుర్తు లేదని చెప్తా, లారీ ఇంజనంటా. అయితే ఆ డ్రైవరు అమ్ముకున్నాడా అని రెడ్డి నా మొగం చూసి అడుగుతాడు. అప్పుడు ఆ మనిషిని దొంగ అనేకి నాకు నోరు రాదు. ఒట్టు, నాకు రాదు."

"రాకపోతే నేర్చుకో. నేను చెప్పిస్తా, నా ఎంబడి అను."

"నువ్వా?"

"నేనే. ఆంజినప్ప దొంగ. నా మొగుడు ఆంజినప్ప దొంగ అని, ఆయప్ప పెండ్లాం తన నోటితోనే చెప్పిందను. ఇంగ పో."