నిప్పు దణ్ణం పెట్టిన కాలు

బిరామ్ నోరు తెరిచాడంటే సముద్రం కూడా ఒక అల ఆపుకుని వింటుందని మా జోవాల్ ఊళ్ళో ఒక మాట ఉంది. ఆ మాట పుట్టించింది ఎవరో కాదు, బిరామే.

ఆ మధ్యాహ్నం మా వాకిట్లో తాటాకు పందిరి కింద టీ కాగుతోంది. కుంపటి ముందు హమాదీ, బట్టలు కుట్టే హమాదీ, కూర్చున్నాడు. అతని పక్కనే చాప మీద కాళ్ళు బారజాపుకుని బిరామ్. ఎదురుగా చిరిగిన వల ఒళ్ళో వేసుకుని పడవ కుర్రాడు లతీర్. నేను ఓ మూల వేరుశెనక్కాయలు ఒలుచుకుంటున్నాను. టీ అంటే ఒక్క గ్లాసు గొంతులో పోసుకుని లేచిపోయేది కాదు గదా. అదే ఆకు మీద మూడుసార్లు కాచాలి, కాచినప్పుడల్లా పంచదార పెంచుకుంటూ పోవాలి. మొదటిది చేదు, మూడోది తేనె. బిరామ్ ఎప్పుడూ ఆ మూడోదాని కోసమే వస్తాడు.

అతని భార్య యాందే అంతకు ముందే వచ్చి నాకూ హమాదీకీ చెప్పి వెళ్ళింది. సజ్జ కోతలప్పుడు బిరామ్ అరికాల్లో గవ్వపెంకు గుచ్చుకుంది. ఆ పుండు ఇంతవరకూ మానలేదు. ఒంట్లో పంచదార మరీ ఎక్కువైందనీ, ఇవాళే ఎంబూర్ పెద్దాసుపత్రిలో చూపించకపోతే కాలు దక్కదనీ మా ఊరి దవాఖానా నర్సమ్మ ఖండితంగా చెప్పిందట. స్టాండులో ఎంబూర్ కారు ఆగి ఉంది. సీట్లు నిండితే కదిలిపోతుంది. "నా మాట వినడు అక్కా. నేను ఏడిస్తే నవ్విస్తాడు, అరిస్తే కథ చెప్తాడు," అంది యాందే. హమాదీ కుంపటి ముందుకి జరిగాడు. బొగ్గులు ఊదుతూ కూర్చున్నాడు.

హమాదీకే ఎందుకు చెప్పిందంటే దానికో కారణం ఉంది. బిరామ్ సెరేర్ వాడు, హమాదీ తుకులోర్ వాడు. ఈ రెండు తెగలకీ తాతముత్తాతల నుంచి వేళాకోళపు చుట్టరికం. ఎదురుపడితే చాలు, నువ్వు మా బానిసవంటే నువ్వే మా బానిసవని మొదలుపెడతారు. ఎంత మాటన్నా కోపం తెచ్చుకోకూడదు. ఒకడు నోరు తెరిచి ఏదైనా అడిగాడా, రెండోవాడు లేదనకూడదు. పోయిన పండక్కి బిరామ్ నెత్తిమీది కొత్త టోపీని హమాదీ అలాగే అడిగి పుచ్చుకున్నాడు. బిరామ్ ఊరుకున్నాడా, హమాదీ ముద్దుగా పెంచుకున్న కోడిపుంజుని అడిగి, ఆ పూటే కోయించి, ఒక కాలు హమాదీకి కూడా పంపించాడు.

సరే, బిరామ్ మొదలుపెట్టాడు. ఈ కాలం వాళ్ళ బలమంతా ఒంట్లో లేదట, ఫోన్లో ఉందట. ఆకలేస్తోందో లేదో కూడా దాన్నే అడుగుతున్నారట. రోగాలన్నవి పని చెయ్యని వాళ్ళ కోసం ఆసుపత్రులవాళ్ళు కనిపెట్టినవట. వల లాగిన చేతికీ పడవ తోసిన కాలికీ ఏ రోగమూ అంటదట.

"నా సంగతే చూడండి. మొన్న పొద్దున లేచేసరికి కాస్త దాహం వేసింది. కుండ ఎత్తాను, దించేసరికి ఖాళీ. అదేం గొప్ప కాదు, ఎవడైనా చేస్తాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? దాహం తీరలేదు. బావి దగ్గరికెళ్ళి, చేద ఎందుకులే అని గట్టు మీద బోర్లా పడుకుని మూతి పెట్టి ఒక్క పీల్పు పీల్చాను. అడుగున ముసలి కప్ప ఒకటి తలెత్తి చూసి, 'బిరామూ, నాకో గుక్కెడు ఉంచు నాయనా' అంది. నేను మొహమాటస్తుణ్ణి. ఉంచాను."

"కప్ప ఏ భాషలో అడిగింది పెదనాన్నా?" అన్నాడు లతీర్ వల మీంచి తలెత్తకుండా.

"సెరేర్‌లోనే. మన బావిలో కప్ప ఇంకేం మాట్లాడుతుంది? హమాదీ వాళ్ళ బావిలో కప్పలకి మాటలు రావు. వాళ్ళని చూసి నేర్చుకున్నవి గదా."

హమాదీ నవ్వి మొదటి టీ పోశాడు. పైకెత్తి పోస్తే గ్లాసులో నురగ కట్టింది. బిరామ్ ఒక గుక్క తాగి మొహం వికారంగా పెట్టాడు. హమాదీ ముందు అతని గ్లాసు నింపేసి, ఆ తర్వాతే పంచదార వేసినట్టున్నాడు. నేను చూసి, మళ్ళీ కాయల మీద పడ్డాను.

కథ బావి దాటి ఏటి ఒడ్డుకి పోయింది. గవ్వల దీవికి పోయే చెక్క వంతెన కింద నిలబడి బిరామ్ ఏరు తాగడం మొదలెట్టాడట. ఉప్పగా ఉండదా అంటే, తన నాలుక తగలగానే తియ్యబడిందట. తాగిన కొద్దీ నీళ్ళు దిగిపోయి, పడవలన్నీ బురదలో కూలబడి, చేపలు తోకల మీద నడుచుకుంటూ ఇళ్ళ దారి పట్టాయట.

"నీ పడవ కూడా బురదలో కూర్చోలేదూ ఆ రోజు?" అని లతీర్‌ని సాక్ష్యం అడిగాడు.

"అది ఆటు పెదనాన్నా. నీళ్ళు తియ్యడం రోజూ ఉండేదే."

"రోజూ తీసేది ఆటు," అన్నాడు బిరామ్. "ఆ రోజు తీసింది నేను."

దానికి మాత్రం నాకు నవ్వాగలేదు. ఇంత తియ్యగా అబద్ధమాడే నోరు ఎక్కడినుంచి వస్తుందో అని నాకు ఎప్పుడూ వింతే. కానీ నవ్వుతుంటేనే ఎక్కడో కలుక్కుమంది. ఆ దాహం మాత్రం అబద్ధం కాదు. పక్కింటి దాన్ని, ఆ ఇంట్లో కుండలు ఎంతలో ఖాళీ అవుతున్నాయో నాకు తెలుసు.

రెండో టీ కాగేలోపు చీమలొచ్చాయి. అంత నీళ్ళు తాగాక గోడ పక్కకి వెళ్ళక తప్పదు గదా, వెళ్ళొచ్చేసరికి ఆ చోట చీమలు బారులు తీరాయట. చీమలకి మనిషి విలువ తెలుసట, రాజెవరో వాసనతో కనిపెడతాయట. పక్క ఊరి చీమలు, ఏరు దాటి దీవి చీమలు, ఆకు పడవలెక్కి వచ్చాయట. బిరామ్ ఓ కునుకు తీస్తే అతన్ని చాపతో సహా ఎత్తుకుని ఊరంతా ఊరేగించాయట. తనని దించబోతే యాందేనే కుట్టాయట.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ నర్సమ్మ నన్ను పిలిచి వేలి మీద పొడిచి, నెత్తురు బొట్టు తన చిన్న యంత్రానికి తాగించింది. అది పాపం లెక్క పెట్టడం మొదలెట్టింది. పెట్టింది, పెట్టింది, దాని దగ్గరున్న అంకెలన్నీ అయిపోయాయి. ఈ మనిషిని కొలవడం నా వల్ల కాదని డాకర్‌లో ఉన్న వాళ్ళ పెద్దయంత్రానికి ఫోన్ చేసింది. అదీ లెక్కపెట్టలేక సొమ్మసిల్లింది. ఆ సాయంత్రం దేశం మొత్తంలో ఒక్క ఫోన్ పనిచేస్తే ఒట్టు."

"నిజమే, నాది పనిచెయ్యలేదు," అన్నాడు లతీర్.

"చూశావా."

"చార్జింగ్ పెట్టడం మర్చిపోయాను."

స్టాండు వైపు నుంచి కారు హారన్ వినిపించింది. యాందే గుడ్డల సంచి చంకన పెట్టుకుని మా దడి పక్కకి వచ్చి నిలబడింది. ఇంకా మూడే సీట్లు ఖాళీ అని నా వైపు చూసి మెల్లిగా అంది. బిరామ్ ఆమెని చూసీ చూడనట్టు గొంతు పెంచాడు. రెండో టీ తన దాకా రాలేదని కూడా గమనించలేదు. మూడోది మరుగుతోంది, పుదీనా వాసన వాకిలంతా కమ్ముకుంది.

"ఇంతటివాడి కాలు కొయ్యాలట! ఏ కాలు? ఇదేనా? ఈ కాలికి నొప్పంటే ఏమిటో తెలీదు. పుండు ఉందంటే ఉంది, ఎక్కడన్నా ఒక్క సలుపు సలిపిందా? మొన్న చేపలు పొగబెట్టే చోటికి వెళ్ళాను. ఆడవాళ్ళు ఆ పొడుగు పొయ్యి చుట్టూ తిరిగి పోతుంటే నాకెందుకా తిప్పలని, మంట మీంచే అడ్డంగా నడిచాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నిప్పులు నా కాలు చూసి దణ్ణం పెట్టాయి. దణ్ణం పెట్టి ఊరుకున్నాయా, భయంతో వణికి వణికి మంచుగడ్డలైపోయాయి. ఆ మంచులోనే చేపలు సర్ది డాకర్ పంపించారు. సూర్యుడంతటివాడు దిగొచ్చి ఈ పాదం మీద కూర్చున్నా…"

హమాదీ టీ పాత్ర ఎత్తాడు. ఎత్తడంలో అడుగు తగిలి కుంపటి ఓ పక్కకి ఒరిగింది. ఎర్రటి బొగ్గొకటి జారి, దొర్లి, బిరామ్ కాలివేళ్ళ సందులో ఆగింది.

"…కూర్చున్నా వాడికే చలేస్తుంది. మొన్న మొసలి ఒకటి…" అంటూ ముక్కు ఎగబీల్చాడు బిరామ్. "అక్కా, నీ కాయలు మాడుతున్నాయి చూసుకో."

"నేను ఒలుస్తున్నాను తమ్ముడూ," అన్నాను. "వేయించడం లేదు."

లతీర్ చేతిలో వల జారిపోయింది. హమాదీ టీ పాత్ర కింద పెట్టి, పట్టకారు తీసుకుని, ఆ బొగ్గుని వేళ్ళ మధ్య నుంచి మెల్లగా ఊడదీసి కుంపట్లో వేశాడు. బిరామ్ అప్పుడు గానీ కిందికి చూడలేదు. చర్మం నల్లగా కమిలి ఉంది. పరాయివాడి కాలు చూసినట్టు చూశాడు.

"నిప్పు…" అన్నాడు. మొదలుపెట్టిన వాక్యం బిరామ్ మధ్యలో వదిలెయ్యడం నేను చూడటం అదే మొదటిసారి. దడి అవతల యాందే సంచిలో మొహం దాచుకుంది.

 హమాదీ పట్టకారు పక్కన పెట్టి, "బావా, నిన్నొకటి అడగాలి," అన్నాడు.

"అడుగు," అన్నాడు బిరామ్, చూపు కాలి మీంచి తియ్యకుండా. "మళ్ళీ టోపీయేనా?"

"ఈ కాలు."

బిరామ్ తలెత్తాడు.

"ఈ కాలు నాకిచ్చెయ్. నోరు తెరిచి అడుగుతున్నాను. లేదంటే రేపట్నుంచి సెరేర్ వాళ్ళు ఇంత పిసినారి వాళ్ళని ఊరూరా చెప్తాను."

"కాలెలా ఇస్తారయ్యా?"

"టోపీ ఎలా ఇచ్చావో అలాగే. ఇచ్చాక అది నా సొత్తు. నా సొత్తుని మాననీయకుండా పాడుచేసే హక్కు నా బానిసకి లేదు. నా కాలు ఇప్పుడే ఎంబూర్ బయల్దేరుతోంది. నువ్వు కావాలంటే దానితో కూడా రా. వద్దంటే ఇక్కడే కూర్చుని కథ ముగించుకో."

బిరామ్ నవ్వకూడదనే చూశాడు. పెదవి ముందు వణికి, తర్వాత వంకర తిరిగింది. "తీసుకుపో," అన్నాడు చాలా చిన్న గొంతుతో. "ముసలి కాలు. నీకేం పనికొస్తుందిలే." టీ పాత్ర వైపు చూశాడు. "మరి నా మూడో గ్లాసు?"

"నా కాలికి పంచదార పడదు."

నేను శుభ్రమైన గుడ్డ తడిపి ఆ పాదానికి చుట్టాను. లతీర్ ఓ పక్క, హమాదీ ఓ పక్క భుజం పట్టి స్టాండు దాకా నడిపించారు. ఖాళీగా ఉన్న మూడు సీట్లలో బిరామ్, యాందే, హమాదీ సర్దుకున్నారు. వేలికింకా సూది గుచ్చుకోకుండా పెట్టుకునే కుట్టు ఉంగరం ఉంది హమాదీకి, అది కూడా తియ్యలేదు.

ముందు సీట్లోంచి ఓ లావుపాటి ఆవిడ తన చేపల బుట్ట వెనక్కి జరపబోయింది. బిరామ్ రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"నెమ్మది తల్లీ," అన్నాడు. "ఈ కాలు నాది కాదు. దీనికేమన్నా అయితే ఆ తుకులోర్ వాడికి నేను జవాబు చెప్పుకోవాలి."