గుడ్డు పెంకుకు కిటికీ తెరిచిన సూర్యకళ గారు

1990 సెప్టెంబరు 17వ తేదీ సోమవారం ఉదయం మా జంతుశాస్త్ర విభాగంలో రీడరుగా బాధ్యతలు స్వీకరించిన డాక్టర్ సూర్యకళ గారు, సుదీర్ఘమైన సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేయనున్నారు. ఈ అభినందన సంచికకు వ్యాసం రాయమని మిత్రులు కోరినప్పుడు, పక్క గదిలో కూర్చున్నవాడిగా, ఆమెతో అందరికంటే ఎక్కువగా వాదించినవాడిగా ఆ హక్కు నాదేనని ఒప్పుకున్నాను. పొగడ్తలంటే ఆమెకు గిట్టదు. కనుక జరిగినదే రాస్తాను. కోపం వస్తే విరమణ తరువాత తీరికగా కోపగించుకోవచ్చు.

ఆమె ఎంచుకున్న అంశం పేరు పలకడానికే మాకు కొన్నాళ్ళు పట్టింది. విటమిన్ ఎ నుంచి దేహం తయారు చేసుకునే రెటినోయిక్ ఆమ్లం, పిండంలోని కణాలకు తామెక్కడున్నామో, ఏమి కావాలో తెలియజేస్తుంది. ఆ సమాచారాన్ని అందుకొని తగిన జన్యువులను పనిలోకి దింపేవి కణకేంద్రకంలో ఉండే గ్రాహకాలు. వెన్నెముక గల ప్రాణులన్నింటిలోనూ మెదడు, గుండె, అవయవాలు, ముఖం సక్రమంగా రూపొందడానికి ఇవి అవసరం. ఆమ్లం తక్కువైనా, ఎక్కువైనా ప్రమాదమే. "రేవుకు ఓడ వచ్చినంత మాత్రాన సరుకు దిగదు, అందుకునే మనిషి ఆ వేళకు అక్కడ ఉండాలి" అని ఆమె తరగతిలో చెప్పేవారు. కోడిపిండపు ముఖంలో ఏ గ్రాహకం ఎక్కడ, ఏ వేళకు ఉంటుందో పరిశీలించడమే ఆమె జీవితకాల కృషి.

ఆ కృషికి శ్రీకారం ఎలా చుట్టామో ఆమె కుటుంబ సభ్యులకు తెలియకపోవచ్చు. బజారునుంచి అట్టల కొద్దీ పౌల్ట్రీ గుడ్లు తెప్పించి, ఇంక్యుబేటరులో పేర్చి, మేమందరమూ భక్తిశ్రద్ధలతో ఎదురుచూశాము. పుంజు ముఖం చూడని కోడి పెట్టిన గుడ్డులో పిండం ఎక్కడినుంచి వస్తుందని ఇంతమంది జంతుశాస్త్రవేత్తలలో ఒక్కరికీ తట్టలేదు. కంపు వరండా దాకా వచ్చాక సూర్యకళ గారే ముందుగా గ్రహించి, కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. ఆనాటినుంచి మా అటెండరు వరహాలు కూర్మన్నపాలెం చుట్టుపక్కల నాటుకోళ్ళు పెంచుకునే ఇళ్ళనుంచి గుడ్లు తెచ్చేవాడు. ఆమె పెంకులో చిన్న కిటికీ కోసి, లోపలి ప్రాణికి హాని కలగకుండా చూసి, మళ్ళీ టేపుతో మూసేవారు. ఆ కిటికీలు కోయడంలో ఆమెకున్న నేర్పు విభాగంలో మరెవరికీ అబ్బలేదు. నేను ప్రయత్నించిన ప్రతిసారీ మధ్యాహ్నానికి ఆమ్లెట్టు తప్పలేదు.

ఇక 1999వ సంవత్సరపు సంగతి. ఆ ఆగస్టులో, ఆషాఢ అమావాస్య సాయంత్రం, మన తీరాన సూర్యగ్రహణం పట్టింది. సెప్టెంబరు చివర వరహాలు కూతురు పోతమ్మకు తొలిచూలు మగబిడ్డ పై పెదవి చీలికతో పుట్టాడు. గ్రహణం వేళ గర్భిణి కత్తి పడితే బిడ్డకు మొర్రి వస్తుందని మన వాడల్లో గట్టి నమ్మకం. పోతమ్మ ఆ సాయంత్రం చేపలు కోసిందన్నది నిజం. అత్త గంగాలమ్మ బారసాల ఆపించి, కోడలిని బిడ్డతో సహా పుట్టింట దింపేసింది. తన చేతులే తన బిడ్డను పాడుచేశాయని పోతమ్మ కూడా నమ్మింది. ఆ పిల్ల కాపురం నిలుస్తుందో లేదో తెలియక వరహాలు మనిషి సగమయ్యాడు.

సంగతి తెలిసిన సూర్యకళ గారు స్వయంగా వెళ్ళి గంగాలమ్మను ప్రయోగశాలకు తీసుకువచ్చారు. తండ్రి వెంట వచ్చిన పోతమ్మ, బిడ్డ ముఖంపై చీర చెంగు కప్పి తలుపు దగ్గరే నిలబడింది. మేడంగారు రెండు గుడ్ల కిటికీలు తెరిచారు. మొదటిదానిలో ముఖమింకా విడివిడి ముద్దలుగా ఉంది. కొన్ని రోజులు పెద్దదైన రెండవదానిలో అవన్నీ కలిసి ముక్కు తయారయింది. మనిషి బిడ్డకు ఆ కలయిక గర్భం నిలిచిన రెండు మాసాల లోపే ముగుస్తుందని, తరువాత ఎవరేమి కోసినా పెదవి చీలదని ఆమె ఓపికగా వివరించారు.

"వైశాఖంలో సింహాచలం చందనోత్సవం నాటికే మీ మనవడి పెదవి పని అయిపోయిందమ్మా. గ్రహణం ఎప్పుడో ఆషాఢంలో వచ్చింది. అయిపోయిన పనిని కత్తిపీట ఎలా చెడగొడుతుంది?" అన్నారు.

గంగాలమ్మ నేల చూస్తూ, "ఆ కత్తిపీట దాని ముందు ఎట్టింది నానేనమ్మా. పడవలొచ్చీసినాయి, సేప పాడైపోద్దని నానే కొయ్యమన్నాను" అంది.

కోడలిని అన్న మాటలన్నీ ఆవిడ తనను తాను అనుకోలేక అన్నవేనని అప్పుడు మాకు అర్థమయింది. నాకు జాలి వేసింది.

"అయితే ఇది ఎవలి వల్ల అయిందమ్మా?" అని గంగాలమ్మ అడిగింది.

గ్రాహకాల గురించి గంటసేపు అనర్గళంగా ప్రసంగించగల విదుషీమణి ఏదో ఒక కారణం చెబుతారనే నేను అనుకున్నాను. ఆమె గంగాలమ్మ చేయి పట్టుకొని, "ఈ బిడ్డకు ఎందుకయిందో నాకూ తెలియదమ్మా" అన్నారు.

"ఇదే పనిగా సదువుకున్న మీకే తెల్దంటే, దానికేటి తెలుస్తాది?" అంటూ గంగాలమ్మ లేచి, కోడలి దగ్గరకు వెళ్ళి, బిడ్డ ముఖం మీది చెంగు తీసింది. "ఈడికి మా ఆయన పేరే ఎడతాను. ఇంటికి పదయే" అంది.

చనిపోయిన తండ్రివైపు తాత పేరుతోనే ఆ బిడ్డ వీరన్న అయ్యాడు. తరువాత జరిగిన శస్త్రచికిత్సకు వెంట ఉన్నది కూడా సూర్యకళ గారే. పెదవి కుదిరాక వాడు ఈల నేర్చుకొని, సెలవు రోజుల్లో తాత వరహాలుతో పాటు వచ్చి మా విభాగపు ప్రశాంతతను భంగపరుస్తున్నాడు. వాడిని కసిరే అధికారం మాకు ఆమె ఇవ్వలేదు.

అనంతర కాలంలో ఆమె ప్రొఫెసరుగా, విభాగాధ్యక్షురాలిగా ఎందరో పరిశోధకులను తీర్చిదిద్దారు. నేటి యువత విభాగానికి సరికొత్త పరికరాలు తెచ్చినా, తొలిరోజున ప్రతి ఒక్కరి చేతా గుడ్డుకు కిటికీ కోయించడం ఆమె మానలేదు. తెలియని దానిని తెలియదని రాయనివారి సిద్ధాంత గ్రంథాలు ఆమె బల్లమీదనుంచి కదిలేవి కావు. నా శిష్యులవి కూడా ఆగాయి. ఆ విషయమై మా ఇద్దరి మధ్య మాటలు లేని వారాలున్నాయి. ఆమె పక్షమే న్యాయమని ఈరోజు రాతపూర్వకంగా ఒప్పుకుంటున్నాను.

పదేళ్ళపాటు మరో బిడ్డను కనడానికి భయపడిన పోతమ్మకు ఇప్పుడు ఐదో నెల. ఈ నెల 22న ఉదయం మళ్ళీ సూర్యగ్రహణం వచ్చింది. మర్నాడు గంగాలమ్మ మా విభాగానికి వచ్చి, మేడంగారి ఎదుట కాస్త సిగ్గుపడుతూ నిలబడింది.

"కోప్పడకండి మేడంగోరూ, కత్తిపీట అటకెక్కించీసినాను. మనసొప్పలేదు. కానీ పుట్టే బిడ్డ ఎలగున్నా, మా పోతమ్మని ఒక్క మాట ఎవలినీ అననివ్వను."

సూర్యకళ గారు కోప్పడలేదు. కిటికీ వైపు తిరిగి కళ్ళద్దాలు తుడుచుకున్నారు. ఈ పందొమ్మిదేళ్ళలో ఆమె కన్నీరు పెట్టగా నేను చూడటం అదే మొదలు.

వచ్చే మార్గశిరంలో ఆ ఇంట జరగబోయే బారసాలకు సూర్యకళ గారే పెద్దదిక్కుగా కూర్చోవాలి. ఆ బిడ్డ ఎలా పుట్టినా తల్లి తలెత్తుకొని పక్కన కూర్చుంటుంది. అది సూర్యకళ గారు సంపాదించిపెట్టిన గౌరవం. అటువంటి ఇళ్ళకు మరెన్నింటికో వెళ్ళేందుకు వారికి సంపూర్ణ ఆరోగ్యమూ, నిండు నూరేళ్ళ ఆయుష్షూ సింహాద్రి అప్పన్న ప్రసాదించుగాక.

నరసింహమూర్తి
జంతుశాస్త్ర విభాగం, విశాఖపట్నం
జూలై 2009