బ్రాక్‌వెల్‌కు ఒక చొక్కా

(ములకలపల్లి పోస్టాఫీసు. మంగళవారం పొద్దున. కౌంటరుకు ఇవతల టైలరు ఇద్రీస్, అవతల పోస్టుమాస్టరు సంపూర్ణ.)

"ఆగాగు భాయ్. ఫారం నిండకుండ ముద్ర పడదు. లోపల ఏమున్నది?"

"చెప్పిన గద చెల్లె. చొక్కా."

"ఎవరికి?"

"పిమ్ముకు."

"పిమ్ము అంటే సరిపోదు. పూర్తి పేరు చెప్పు."

"గారెత్ పిమ్. గోల్‌కీపరు. బ్రాక్‌వెల్ టౌన్ ఫుట్‌బాల్ క్లబ్బు, బ్రాక్‌వెల్, ఇంగ్లాండు."

"నీకేమైతడు?"

"ఫారంల గట్ల అడిగిండ్రా?"

"ఫారం అడగలే. నేను అడుగుతున్న."

"ఏం కాడు. పదకొండేండ్ల సంది చూస్తున్న, అంతే. నా సొంత తమ్ముణ్ని గూడ అన్నిసార్లు చూడలే."

"నువ్వు ఆయన్ని ఎరుగుదువు, బాగనే ఉన్నది. ఆయన నిన్ను ఎరుగునా?"

"క్లబ్బుకు నాలుగు ఉత్తరాలు రాసిన."

"జవాబొచ్చిందా?"

"ఒకదానికి వచ్చింది. మీ అభిమానానికి సంతోషం, సీజన్ టికెట్లు అమ్మకానికి ఉన్నయి అని."

"హవ్వ. ములకలపల్లోనికి సీజన్ టికెట్టు అమ్ముతున్నరా?"

"అభిమానికి ఏ ఊరైతేంది చెల్లె."

"భాయ్. కొన్నవా ఏంది?"

"ఒక్కటే."

"ఏం చేసుకుంటవు దాంతోటి?"

"ఏం చేసుకోను. ఆడ ఒక కుర్చీ నా పేరు మీద ఖాళీగ ఉంటది. కెమెరా అటు తిరిగినప్పుడు చూసుకుంట. వాన పడ్డ దినం తడుస్తది పాపం."

"ఇంట్ల ఖతీజా వదినకు తెలుసా?"

"ఫారం రాయి చెల్లె, ఫారం. జల్దీ."

"రాస్త. ముందు నా జాకెట్ సంగతి చెప్పు."

"ఏ జాకెట్?"

"ఈస్టరుకు ఏసుకుంటనని మార్చిల ఇచ్చిన నీలం జాకెట్."

"ఓ, అదా. అయిపోయింది. హుక్కులు కుట్టుడే ఉన్నది."

"ఈస్టరు ముందు రోజు గూడ హుక్కులే అన్నవ్. ఎన్ని హుక్కులు పెడుతున్నవ్ భాయ్? నేను పాత జాకెట్ ఏసుకొని చర్చికి పోయిన. పాట పాడేటప్పుడు ముందు వరుసల నిలబడాలంటే సిగ్గైంది. ఇదేమో కుట్టి, ఇస్త్రీ చేసి, కాగితంల చుట్టి, దారం కట్టి తెచ్చినవ్."

"ఇది అర్జెంటు."

"నాది పండగ."

"ఆయన నౌకరీ పోయేటట్టు ఉన్నది చెల్లె. రెండేండ్ల కింద క్లబ్బోళ్లు దర్జీని మార్చిండ్రు. అప్పటి సంది ఓడుడే ఓడుడు."

"ఫుట్‌బాలుకు దర్జీ ఏంది?"

"చొక్కాలు కుట్టే కంపెనీ. పాత కంపెనోళ్ల పనితనం చూసే గద నేను ఆ క్లబ్బుల పడ్డది. ఖమ్మంల పాత బట్టల మూటల దొరికిందని ఎవరో ఆకుపచ్చ చొక్కా తెచ్చి, పక్కలు బిగియ్యమన్నడు. తిప్పి లోపలి కుట్టు చూసిన. యా అల్లా, ఒక్క పోగు బయటికి లేదు. గింత మంచి గుడ్డ ఏసుకునేటోళ్లు ఎవరో అని పేరు చదివి ఫోన్‌ల వెతికిన. ఆ దినం నాలుగు సున్నతో ఓడిండ్రు. అయినా మనసు పడ్డది."

"కుట్టు చూసి క్లబ్బును ఎంచుకున్నవా?"

"పిల్లనిచ్చేటోళ్లు ఇల్లు చూస్తరు. నేను కుట్టు చూసిన. తప్పేంది?"

"తప్పు లేదు. మరి ఇప్పుడు కుట్టు బాగలేకపోతే చొక్కా చెడుతది గని, ఆట ఎట్ల చెడుతది?"

"గదే ఎవ్వరికీ తెలుస్తలేదు. కొత్త కంపెనోడు చంక కిందికి కోసిండు. చంక కిందికుంటే చెయ్యి పూర్తిగ లేవదు. నువ్వు బస్సుల పైన కడ్డీ పట్టుకుంటే జాకెట్ పైకి పీకుతదా లేదా?"

"నువ్వు కుట్టినవైతే పీకుతయి."

"సరే, ఉదాహరణకు చెప్పిన. పిమ్ము ఎగిరిండంటే పైన పోయే బాలు నాలుగు వేళ్ల దూరంల తప్పిపోతది. ప్రతిసారీ నాలుగు వేళ్లే. జనమేమో పిమ్ము ముసలోడైండు, తీసెయ్యాలె అంటున్నరు. ముసలోడు కాలే చెల్లె. చంక చెడ్డది."

"అందుకని నువ్వు కుట్టినవ్."

"అవ్. కాగితం గూడ పెట్టిన లోపల. కోచ్ సాబ్, దయచేసి దీన్ని తొడిగించి చూసి, అప్పుడు తీసెయ్యండి అని. మా బిడ్డ సుమయ్యతోటి ఇంగ్లీషుల రాయించిన."

"బాగున్నది. మరి ఇంగ్లాండుల ఉన్నోని కొలతలు నీకెట్ల దొరికినయి?"

"టీవీల... ఫోన్‌ల చూసి."

"ఫోన్‌ల అరచెయ్యంత కనపడతడు మనిషి."

"అందాజు మీద."

"అందాజా?"

"ముప్పై ఏండ్ల అనుభవం చెల్లె. మనిషి నడుస్తుంటె చూసి ఛాతీ చెప్పేస్త."

"మా ఆయన చొక్కాల చంకల సుద్ద మరకలు ఎందుకున్నయి?"

"ఎవరు, డేవిడా?"

"ఎంతమంది ఆయనలున్నరు నాకు?"

"చెమటై ఉంటది."

"తెల్లగనా? నెల రోజులు సాయంత్రం వాకింగ్ అని పోయిండు. ఎదురింటి కవిత వచ్చి, అక్కా, మీ ఆయన టైలరు దుకాణంల రెండు చేతులు పైకెత్తి దుంకుతుండు, ఏమైంది అన్నది."

"కవిత ఎప్పుడు చూసింది?"

"ఒకనాడు కాదు, నాలుగు సాయంత్రాలు చూసింది. నాకు భయమైంది. పాస్టరు గారిని పిలిపించి ప్రార్థన చేపిచ్చిన. తల మీద చెయ్యి పెట్టి ముప్పావుగంట ప్రార్థన. మా ఆయన అసలు సంగతి చెప్పలే. కండ్లు మూసుకొని గమ్మున కూసున్నడు."

"ఎవ్వరికీ చెప్పొద్దని ఒట్టు పెట్టుకున్నడు పాపం. ఏం చేయను, మండలం మొత్తం మీద ఆరడుగుల రెండు అంగుళాలు మీ ఆయనే. పిమ్ము గూడ అంతే. దూలానికి దారపుండ కట్టి అందుకోమన్న. సుద్ద గీసుడు, ఎగిరించుడు, విప్పుడు, మళ్లీ కుట్టుడు. నువ్వు నవ్వుతవని చెప్పలే."

"నవ్వు రాలే నాకు. అంటే నాకు ముందే తెలుసులే. శనివారం ఆయనే ఒప్పుకున్నడు."

"శనివారమా?"

"అవ్. మంచం మీద కూసొని ఫోన్ చూస్తూ చూస్తూ ఒక్క అరుపు అరిచి కింద పడ్డడు. ఇదేంది అని పట్టుకొని అడిగితే అప్పుడు మొత్తం చెప్పిండు."

"ఎన్ని గంటలకు పడ్డడు?"

"తొమ్మిదిన్నర ఐతుండె."

"మ్యాచ్ అయిపోయే టైము. చెల్లె, చెప్పకు."

"ఏంది చెప్పకుండేది?"

"ఏమీ చెప్పకు. అరిచిండంటివి గద, అది సంతోషంతోటా, దుఃఖంతోటా? వద్దు. చెప్పకు. అది గూడ చెప్పకు."

"నువ్వు చూడలేదా?"

"ఎనభై ఎనిమిది నిమిషాలు చూసిన. చెరొక గోలు. గెలిస్తెనే ఈ డివిజన్ల ఉంటరు, లేకుంటే కిందికి పోతరు. పిమ్ము ఇంటికి పోతడు. చూడలేక ఫోన్ బందు చేసి బియ్యం డబ్బాల పెట్టి మూత బిగిచ్చిన."

"ఇంకా అండ్లనే ఉన్నదా?"

"ఉన్నది. మూడు రోజులైంది. ఖతీజా బియ్యం తియ్యనీకె పోతె అడ్డం నిలబడ్డ. హోటల్ నుంచి పరోటాలు తెచ్చుకొని తింటున్నం."

"దేవుడా. గిట్ల ఎన్నాళ్లు?"

"ఈ చొక్కా పోస్టల పడేదాక. ఓడిపోయిండ్రని నాకు తెలుసు చెల్లె. మనసుకు తెలుస్తది. అయినా తెల్వనట్టే పంపాలె. తెలిసినంక పంపుదామంటే చెయ్యి రాదు. ముద్ర వెయ్యి నువ్వు."

"భాయ్, ఒక మాట. అసలు ఇప్పుడు ఇది పంపుడు అవసరమా అని..."

"చెప్పకు అంటిని."

"నేను చెప్తలే. అడుగుతున్న. పిమ్మో గిమ్మో, ఆయన ఉద్యోగం గురించి నీకెందుకింత? మీ క్లబ్బు ఓడితే మీ ఇంట్ల పొయ్యి ఆరిపోతదా?"

"ఆరదు."

"మరి?"

"చెప్తే ఎవరితోనన్నా అంటవా?"

"పోస్టాఫీసుల కూసుంట. ఎంతమంది సంగతులు కడుపుల పెట్టుకున్ననో నీకేం తెలుసు."

"ఏన్కూరు మొహసిన్ పెండ్లికి షేర్వానీ నేనే కుట్టిన. నిఖా అయినంక దోస్తులు దండ వేస్తమంటే చేతులెత్తిండు. చంకల పర్రున పోయింది. నాలుగొందల మంది చూస్తున్నరు. పెండ్లికొడుకు లావైండు, బిర్యానీ తగ్గియ్యమని అందరు నవ్విండ్రు. మొహసిన్ గూడ నవ్విండు, ఏం చేస్తడు. తప్పు ఆయన తిండిది కాదు. చంక నేను కిందికి కోసిన. ఆడనే ఉన్న, ప్లేటు చేతుల పట్టుకొని. నోరు తెరిచి చెప్పలే."

"తర్వాతన్నా చెప్పినవా?"

"లేదు. ఇప్పటికీ వాళ్లింట్ల పెండ్లి ఫొటో గోడకు లేదు. నేను పోయినప్పుడల్ల ఆ ఖాళీ గోడ దిక్కే చూస్త. సిగ్గుతోటి సస్త చెల్లె. ఇప్పుడు ఆడ ఒకడు, ఎవరిదో కత్తెర తప్పుకు వారం వారం తిట్లు తింటుండు. ఆయనకు గూడ తెల్వదు తప్పు ఎక్కడున్నదో. తన చెయ్యే చెడ్డదనుకుంటున్నడు. ఈ సంగతి ప్రపంచంల నాకొక్కనికే తెలుసు. ఎట్ల ఊకుంటా? ముద్ర వెయ్యి."

"వెయ్యలేను భాయ్."

"జాకెట్ రేపు ఇస్త. పొద్దుగాల. హుక్కులతోటి."

"జాకెట్ కోసం కాదు. ఇంత బాధ పెట్టుకున్న మనిషికి తెలిసిన సంగతి దాచి ముద్ర వేస్తే నాకు పాపం తగులుతది. చెవులు మూసుకోకు. తీ చేతులు."

"వద్దు చెల్లె."

"గెలిచిండ్రు."

"ఏంది?"

"నీ బ్రాక్‌వెల్ గెలిచింది. రెండు ఒకటి. కిందికి పోలే."

"నన్ను ఊకోబెట్టనీకె అంటున్నవ్."

"బైబిలు మీద ఒట్టు. మా ఆయన నాకు పదిసార్లు చూపిచ్చిండు, నాకు నోటికొచ్చింది. ఆఖరి నిమిషంల మనోళ్లు మూల నుంచి బాలు కొట్టిండ్రు. అందరు అవతలోళ్ల గోలు దిక్కు ఉరికిండ్రు. నీ పిమ్ము గూడ ఉరికిండు."

"గోల్ ఇడిచిపెట్టా?"

"ఖాళీగ ఇడిచిపెట్టి."

"పిచ్చోడు. ఓ పిచ్చోడా. మరి?"

"మరేంది, ఆయనే కొట్టిండు. గోలు."

"ఎవరు?"

"పిమ్ము."

"గోల్‌కీపరు గోల్ కొట్టిండా?"

"కొట్టిండు. జనం గ్రౌండులకు దుంకి ఆయన్ని భుజాల మీద ఎత్తుకున్నరు. కోచ్ ఏమన్నడంటే, ఇంకో రెండేండ్లు ఈయన్నే ఉంచుకుంటం అన్నడంట. భాయ్? భాయ్, ఆ బెంచీ మీద కూసో. నీళ్లు తాగుతవా?"

"వద్దు."

"ఏడుస్తున్నవా?"

"ఏడుస్తున్న. పదకొండేండ్లకు ఒక్కసారి ఏడ్వనియ్యి చెల్లె. ఎంత బాగున్నదో నీకు తెల్వదు. వాళ్ల ఊరు నేను చూడలే, చూడను గూడ. అయినా నా ఇంట్ల మనిషి పాసైనట్టు ఉన్నది."

"మంచిగ ఏడువు. నేను ఈ లోపల ఫారం నింపుత. ఇగ సంతోషంగ పంపుదాం. గెలిచినోనికి బహుమానం అనుకుంటడు. రాస్తున్న చూడు, చొక్కా, ఒకటి, గిఫ్ట్. ముద్ర గూడ..."

"ఆగు."

"ఇప్పుడేంది?"

"గోల్ చేత్తోటి కొడితే చెల్లదు గద."

"చేత్తో ఎందుకు కొడతడు?"

"మరి కాలితోటా?"

"కాదు భాయ్, తలతోటి. గాల్లకు లేసి, కొంగ తీరు మెడ సాపి, గిట్ల పక్కకు తిప్పి కొట్టిండు. మా ఆయన దిండు పెట్టి నాకు చేసి చూపిచ్చిండు."

"మెడ తిప్పిండా?"

"పూర్తిగ తిప్పిండు. ఏం, ఎందుకట్ల చూస్తున్నవ్?"

"ఆ పార్సిల్ ఇటియ్యి చెల్లె."

"ముద్ర వెయ్యి, ముద్ర వెయ్యి అని పొద్దటి సంది పానం తీసి, ఇప్పుడు ఇటియ్యి అంటవేంది?"

"ఇది నెల కిందనే పోవాల్సింది. గుడ్డ తక్కువైతే ఖమ్మం నుంచి తెప్పిచ్చెవరకు ఆలస్యమైంది."

"అయితే ఏమైంది?"

"దర్జాగ ఉంటదని నిలువు కాలరు పెట్టిన. లోపల అట్ట తీరు గట్టిగుండే బక్రం గుడ్డ ఏసి. తొడిగి చూసినప్పుడు డేవిడ్ అన్నడు, భాయ్, చేతులు మంచిగ లేస్తున్నయి గని మెడ తిరుగుతలేదు అని."

"నువ్వేమన్నవ్?"

"గోల్‌కీపరుకు మెడతోటి ఏం పని అన్న. ఇది గన్క టైముకు ఆయనకు అందుంటే, చెల్లె, బ్రాక్‌వెల్‌ను ములకలపల్లి నుంచి నేనే ముంచేటోణ్ని."